టన్ను 15 డాలర్లకీ ఉంది, 800 డాలర్లకీ ఉంది: గాలిలోంచి కార్బన్ తీసే క్రెడిట్లలో ఏది కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నారు. ఈ ఏడాది కంపెనీ తరఫున కొన్ని వందల టన్నుల కార్బన్ రిమూవల్ క్రెడిట్లు (ఒక్కో క్రెడిట్ అంటే గాలిలోంచి తీసిన ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి రసీదు) కొనే పని మీ మీద పడింది. కొటేషన్లు తెప్పిస్తే చెట్లు నాటేవాళ్లు టన్ను 15 డాలర్లన్నారు, బయోచార్ (పంట కట్టెని గాలి తగలకుండా కాల్చి చేసే బొగ్గు) వాళ్లు 140 అన్నారు, పొలాల్లో రాతిపొడి చల్లేవాళ్లు 300 అన్నారు, యంత్రాలతో గాలిలోంచి నేరుగా లాగుతామన్నవాళ్లు 800 అన్నారు. టన్ను టన్నే కదా, ఇంత తేడా ఎందుకు, అసలు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీయడం అయ్యే పనేనా అని అడిగారు. చివర్లో, ఆదోని దగ్గర నాన్నగారి పత్తి చేను ఉంది, మనమే బయోచార్ చేసి అమ్ముకోవచ్చా అని కూడా అడిగారు.

నేను కెమికల్ ఇంజినీర్ని. ఉండేది బెంగళూరులోనే. బయోచార్, రాతిపొడి ప్రాజెక్టులు రాసుకున్న టన్నులు నిజంగా ఉన్నాయా లేదా అని తనిఖీ చేయడం నా పని. అందుకని రాయలసీమలోనూ ఉత్తర కర్ణాటకలోనూ బట్టీల దగ్గరే ఎక్కువ తిరుగుతుంటాను.

సూటిగా చెప్తాను. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీయొచ్చు, తీస్తున్నారు కూడా. అయితే ఆ టన్ను ఎన్నేళ్లు మళ్లీ బయటికి రాకుండా ఉంటుంది, దాన్ని తీయడానికి మనం ఎంత వదిలాం, ఈ రెండూ కొలిచింది ఎవరు, వీటిని బట్టే దాని ధర. మీ బడ్జెట్‌తో నేనైతే ముందు ఆఫీసులో తగ్గించగలిగినంత తగ్గిస్తాను. మిగిలినదానికి ఎక్కువ భాగం మంచి బయోచార్, కొంత రాతిపొడి కొంటాను. చెట్లకి డబ్బిస్తాను గానీ ఈ ఖాతాలో రాయను. యంత్రాల టన్నులు మన దేశంలో ఇప్పుడే కొనను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు పని ఎంత పెద్దదో చూడండి. బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు కలిపి ప్రపంచం ఏటా దాదాపు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. మనం వదిలినదాంట్లో సుమారు సగాన్ని సముద్రమూ నేలా పీల్చుకుంటున్నాయి. మిగతాది గాలిలో పేరుకుంటోంది. ఫ్యాక్టరీల కాలానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకి 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. మనుషులు పూనుకుని తీస్తున్నది ఏటా 200 కోట్ల టన్నుల దాకా ఉంది గానీ, అది దాదాపు మొత్తం అడవులు పెంచడం లాంటి పాత పద్ధతులతోనే. బయోచార్, రాతిపొడి, యంత్రాలు లాంటి కొత్త పద్ధతులన్నీ కలిపినా 2024లో వచ్చిన అంతర్జాతీయ అంచనా ప్రకారం ఏడాదికి 13 లక్షల టన్నులు. అంత కార్బన్ డయాక్సైడ్‌ని ప్రపంచం ఇరవై నిమిషాల్లో వదిలేస్తుంది.

మరి ఇంత చిన్నదాని వెంట ఎందుకు పడటం? విమానాలు, సిమెంటు, ఉక్కు, ఎరువులు, వరి మడుల్లోంచి వచ్చే మీథేన్, ఇవి రేపటికి రేపు సున్నా కావు. ఎంత తగ్గించినా కొంత మిగులుతుంది. ఆ మిగిలేదాన్ని రద్దు చేయాలంటే గాలిలోంచి తీయక తప్పదని ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం, 2022 నివేదికలో స్పష్టంగా రాసింది. అంతకుముందు 2018 నివేదికలో, భూమి వేడెక్కడం 1.5 డిగ్రీల దగ్గర ఆగాలంటే ఈ శతాబ్దంలో 10 వేల కోట్ల నుంచి లక్ష కోట్ల టన్నుల దాకా తీయాల్సి రావచ్చని లెక్క వేసింది. ఎంత తొందరగా తగ్గిస్తే ఆ అంకె అంత చిన్నదవుతుంది. "తర్వాత తీసేద్దాం లే" అని ఇప్పుడు వదులుకుంటూ పోతే, తీయాల్సింది ఎవరివల్లా కానంత అవుతుంది. నాకు భయమంతా ఇక్కడే. క్రెడిట్లు కొన్నాం కదా అని ఆఫీసులో ఏసీ 18 మీద పెట్టుకునే కంపెనీలు ఉన్నాయి.

ఇక ఒక్కో పద్ధతి దగ్గరికి వస్తాను.

యంత్రాలు. డైరెక్ట్ ఎయిర్ క్యాప్చర్, డీఏసీ అంటారు. పెద్ద ఫ్యాన్లు గాలిని లాగుతాయి, లోపల రసాయనం పూసిన ఫిల్టరు కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటుంది, ఫిల్టరుని వేడి చేస్తే అది విడివడుతుంది, దాన్ని భూమిలోకి పంపిస్తారు. ఇందులో మాయేం లేదు, రసాయనశాస్త్రం గట్టిదే. ఐస్‌లాండ్‌లో క్లైమ్‌వర్క్స్ సంస్థ 2021లో ఏడాదికి 4,000 టన్నుల సామర్థ్యంతో ఓర్కా ప్లాంటు, 2024లో 36,000 టన్నుల డిజైన్‌తో మామత్ మొదలుపెట్టింది. పట్టుకున్నదాన్ని కార్బ్‌ఫిక్స్ వాళ్లు నీళ్లలో కలిపి బసాల్ట్ రాతిపొరల్లోకి పంపితే అక్కడ రాయిగా మారిపోతుంది. 2016లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారింది. ఎన్నేళ్లు నిలుస్తుంది అన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు ఏ పద్ధతికీ లేదు.

చిక్కంతా గాలి పలచగా ఉండటం దగ్గర వచ్చింది. 420 పాళ్లంటే, బియ్యంలో రాళ్లు ఏరడం అనుకుంటే, 2,400 గింజలకి ఒక రాయి. థర్మల్ ప్లాంటు పొగగొట్టంలో అయితే ఏడెనిమిది గింజలకి ఒకటి. ఘనమీటరు గాలిలో ముప్పాతిక గ్రాము మాత్రమే ఉంటుంది, అంటే ఒక్క టన్ను కోసం 13 లక్షల ఘనమీటర్ల గాలిని ఊడ్చాలి, అదీ ఒక్క అణువు కూడా వదలకుండా పట్టగలిగితే. సిద్ధాంతం ప్రకారం టన్నుకి కనీసం 125 యూనిట్ల శక్తి చాలు. వాస్తవంలో ఫ్యాన్లు, ఫిల్టరు వేడి చేయడం అన్నీ కలిపి 2,000 యూనిట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ.

ఇప్పుడు దాన్ని మన గ్రిడ్ మీద పెట్టి చూడండి. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకి సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతాం. 2,000 యూనిట్లు అంటే 1.4 టన్నులు. ఒక టన్ను పట్టడానికి 1.4 టన్నులు వదిలినట్టు. సోలార్ పెట్టి నడిపితే? అప్పుడు లెక్క తేలుతుంది గానీ, అదే సోలార్ కరెంటు గ్రిడ్‌కి ఇచ్చి బొగ్గు కరెంటుని తప్పిస్తే కనీసం 1.4 టన్నులు ఆగుతాయి. ఆపగలిగినది 1.4 ఉండగా తీసేది 1 ఎందుకు? బొగ్గు గ్రిడ్ నుంచి దాదాపు తప్పుకున్నాకే మన దగ్గర డీఏసీకి అర్థం ఉంటుంది. ఐస్‌లాండ్‌లో భూమిలోంచి వచ్చే వేడి ఉంది కాబట్టి వాళ్లకి కుదిరింది. మీ టెక్‌పార్క్ మేడ మీద యంత్రం పెడతాం అని ఎవరైనా వస్తే, కరెంటు ఎక్కడిదో, పట్టిన గ్యాస్ ఎక్కడికి పోతుందో అడగండి. రెండో ప్రశ్నకి చాలామంది దగ్గర సమాధానం ఉండదు.

అలాగని పరిశోధన ఆపమని అనను. బెంగళూరు జక్కూరులో జేఎన్‌సీఏఎస్‌ఆర్ అనే పరిశోధనా సంస్థలోనూ ఐఐటీ బాంబేలోనూ 2022లో కేంద్రం కార్బన్ క్యాప్చర్ మీద జాతీయ కేంద్రాలు ప్రకటించింది. వేడి తక్కువ అడిగే ఫిల్టరు ఎవరైనా కనిపెడితే ఈ అంకెలన్నీ మారతాయి. ఆ పని ఇప్పుడే జరగాలి, 2050లో మొదలుపెడితే లాభం లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మీ కొటేషన్లలో కూడా ఉండొచ్చు. క్యాప్చర్ వేరు, రిమూవల్ వేరు. తూత్తుకుడిలో ఒక సోడా యాష్ ఫ్యాక్టరీ తన బాయిలర్ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టి ముడిసరుకుగా వాడటం 2016లో మొదలుపెట్టింది. వింధ్యాచల్‌లో ఎన్టీపీసీ పొగగొట్టం నుంచి రోజుకి 20 టన్నులు పట్టి మెథనాల్ చేసే ప్లాంటు పెట్టింది. రెండూ మంచి పనులే. కానీ బొగ్గు పొగలోంచి పట్టడం అంటే కొత్తగా గాలిలో కలవాల్సినదాన్ని ఆపడం, ఉన్నదాన్ని తగ్గించడం కాదు. మెథనాల్ కాల్చగానే ఆ కార్బన్ మళ్లీ గాలిలోకే. ఇలాంటిదాన్ని రిమూవల్ అని రాసి అమ్మితే కొనకండి.

చెట్లు. వీటి గురించి మంచి మాటే చెప్తాను, తక్కువగా చెప్తాను. నీడ, నీరు, పక్షులు, పల్లెల్లో కూలి, వీటి కోసం చెట్లు కావాలి. కోరింగ మడ అడవుల్లాంటివి తుపాను అలల్ని అడ్డుకుంటాయి, బురదలో కార్బన్‌ని దాస్తాయి కూడా. కానీ మీ డీజిల్ జనరేటరు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో గణనీయమైన భాగం వెయ్యేళ్ల తర్వాత కూడా గాలిలో ఉంటుంది. దానికి జవాబుగా మీరు కొంటున్న నీలగిరి తోటని పదేళ్లలోపే పల్ప్ మిల్లుకి కొడతారు. కొట్టకపోతే నిప్పు, చీడ, కరువు, రోడ్డు వెడల్పు, ఏదో ఒకటి. ఈ రెంటినీ ఒకే టన్ను అనలేం. చెట్లకి ఇచ్చే డబ్బు సీఎస్ఆర్‌లో, అంటే కంపెనీ సామాజిక సేవ ఖర్చులో చూపించండి, సంతోషంగా ఇవ్వండి.

బయోచార్. ఇది నా రోజువారీ పని కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

పత్తి తీశాక చేలో కట్టె మిగులుతుంది. ఆదోని వైపు కొంత వంటకి పోతుంది, మిగిలింది గట్టు మీద కుప్పేసి అగ్గిపుల్ల వేస్తారు. చెట్టు గాలిలోంచి పీల్చిన కార్బన్ అంతా ఆ మంటతో గాలిలోకి పోతుంది, చేలో కుళ్లినా కొన్నేళ్లలో ఎక్కువ భాగం అంతే. అదే కట్టెని గాలి తగలకుండా 400 నుంచి 600 డిగ్రీల్లో కాలిస్తే దాదాపు సగం కార్బన్ బొగ్గుగా మిగులుతుంది. ఆ బొగ్గుని మట్టిలో కలిపితే సూక్ష్మజీవులు దాన్ని అంత తేలిగ్గా తినలేవు. అమెజాన్ అడవుల్లో పాతకాలపు మనుషుల ఊళ్ల దగ్గర బొగ్గు కలిసిన నల్లమన్ను వెయ్యేళ్లు దాటి ఇప్పటికీ ఉంది.

చిన్న బట్టీ దగ్గర పని ఎలా ఉంటుందో చెప్తాను, లెక్క అక్కడే తప్పుతుంది కాబట్టి. గరాటు ఆకారంలో ఇనుప తొట్టి, నడుం ఎత్తు. అడుగున కొంచెం కట్టె వేసి పైనుంచి అంటిస్తారు. మంట పట్టి కట్టె మీద తెల్లటి బూడిద పొర కనిపించగానే దాని మీద ఇంకో వరస వేస్తారు. పై మంట గాలిలోని ఆక్సిజన్‌ని తినేస్తుంది, కింద కట్టె గాలాడక బొగ్గు అవుతుంది. వరస ఆలస్యంగా వేస్తే బూడిద, తొందరపడితే పొగ. తొట్టి నిండాక నీళ్లు కొట్టి ఆర్పుతారు. ఒకాయన నన్ను అడిగారు: "కట్టె కాల్చి బూడిద చేసేది తెలుసు గానీ, బొగ్గు చేసి మళ్లీ చేన్లోకే పోసేదేంది సార్?" ఆయన ప్రశ్న న్యాయమైనది. పంట బాగుంటేనో, చేతికి డబ్బు వస్తేనో తప్ప రైతుకి ఈ శ్రమ ఎందుకు?

బట్టీ దగ్గర నేను మొదట చూసేది తడి. పత్తి కట్టె విరిస్తే టక్కున విరగాలి, వంగిందంటే ఇంకా ఎండాలి. పచ్చి కట్టె వేస్తే చిక్కటి తెల్లపొగ వస్తుంది, అందులో మీథేన్ ఉంటుంది. వందేళ్ల లెక్కన చూసినా మీథేన్ వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కి 27 రెట్లకు పైనే. పొగ బాగా వచ్చిన బట్టీలో మీరు కొన్న టన్నులో పెద్ద ముక్క అక్కడే పోయినట్టు. రెండోది, చల్లారిన బొగ్గుని చేతిలో నలిపి ఉత్త నీళ్లతో కడుగుతాను. మంచి బొగ్గు సబ్బు లేకుండా పోతుంది, సరిగా కాలనిది జిడ్డుగా అంటుకుంటుంది. ఇది చేలో చూసే పరీక్ష మాత్రమే, అసలు తీర్పు ల్యాబ్‌ది. హైడ్రోజన్-కార్బన్ అణువుల నిష్పత్తి 0.7 దాటితే దాన్ని బయోచార్‌గా లెక్కించరు, 0.4 కంటే తక్కువుంటే వందల ఏళ్లు నిలిచే రకం.

లెక్క ఇలా ఉంటుంది. బొగ్గులో 75 శాతం కార్బన్ ఉంటే, టన్ను బొగ్గు 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం. అందులోంచి కాలక్రమంలో కరిగిపోయే వాటా, మీథేన్, ట్రాక్టరు డీజిల్ తీసేస్తే 2 నుంచి 2.3 మిగిలితే అది నిజాయితీ ఉన్న ప్రాజెక్టు. ఎవరైనా 2.7 పైన రాశారంటే ఏదో ఒక కోత వేయలేదన్నమాట.

అన్నిటికంటే పెద్ద మోసం ఎక్కడ జరుగుతుందో తెలుసా? బొగ్గు మట్టిలోకి చేరే ముందు. ఒక ప్రాజెక్టులో సర్కారు తుమ్మ బొగ్గు చేసేవాళ్లు. పేరు చెప్పను. తుమ్మ మన ఊళ్లలో చెరువుల్నీ బీళ్లనీ ఆక్రమించిన చెట్టు, కొట్టేస్తే అందరికీ మేలే. కానీ దాని బొగ్గు గట్టిది, బాగా మండుతుంది, బయట మంచి గిరాకీ. కాగితాల్లో బస్తాలన్నీ రైతుల పొలాలకి చేరాయి. నేను చెప్పిన ఊళ్లకి వెళ్లి చేలో తవ్వి చూస్తే కొన్ని చోట్ల నల్ల రేణువు కూడా లేదు. లారీ వేబ్రిడ్జి చీటీల వెంట వెళ్తే బస్తాలు బెంగళూరు తందూరీ హోటళ్లకీ ఇస్త్రీ బండ్లకీ బొగ్గు అమ్మే గోడౌన్‌లో తేలాయి. ఇస్త్రీపెట్టెలో కాలిన బొగ్గు మళ్లీ కార్బన్ డయాక్సైడే. క్రెడిట్ సున్నా. అందుకే ఇప్పుడు బొగ్గుని బట్టీ దగ్గరే పొడి చేసి పశువుల ఎరువులోనో పేడనీళ్లలోనో కలిపారా లేదా అన్నది నా మొదటి షరతు. ఎరువు కలిసిన పొడిని ఎవరూ పొయ్యిలో వేయరు.

ఆశ కూడా ఉంది. 2025 జనవరిలో గూగుల్ మన దేశానికి చెందిన వరాహ సంస్థ నుంచి 2030లోపు లక్ష టన్నుల బయోచార్ క్రెడిట్లు కొనడానికి ఒప్పుకుంది. అలాంటి కొనుగోళ్లు ఉంటేనే పల్లెల్లో సరైన బట్టీలు, కొలిచే పరికరాలు, ల్యాబులు వస్తాయి. మీ కొన్ని వందల టన్నులు కూడా చిన్న విషయం కాదు, ఒక మండలంలో ఒక సీజన్ పని.

కానీ హద్దు ఎక్కడుందో కూడా తెలియాలి. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ చేయించిన అధ్యయనం ప్రకారం దేశంలో ఏటా మిగులు పంట వ్యర్థాలు దాదాపు 23 కోట్ల టన్నులు. ఒక్క పుల్ల వదలకుండా అంతా బొగ్గు చేసినా 5, 6 కోట్ల టన్నుల బొగ్గు, అంటే 12 కోట్ల టన్నుల చిల్లర కార్బన్ డయాక్సైడ్. మనం ఏటా వదిలేది 300 కోట్ల టన్నుల పైచిలుకు. నాలుగు శాతం. పైగా ఆ మిగులుకి వేరే గిరాకీ ఉంది: థర్మల్ ప్లాంట్లలో కలిపే పెల్లెట్లు, గ్యాస్ ప్లాంట్లు, ఇటుక బట్టీలు. వరిగడ్డి అయితే మన దగ్గర పశువుల నోటికాడిది, దాన్ని బొగ్గు చేస్తామన్న ప్రాజెక్టుని నేను ఒప్పుకోను.

రాతిపొడి. వానలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ రాళ్లని కరిగించి బైకార్బనేట్‌గా మారి నదుల్లోంచి సముద్రానికి చేరుతుంది. భూమి కోట్ల ఏళ్లుగా చేస్తున్న పని ఇది. బసాల్ట్, అంటే నల్లరాయిని మెత్తగా పొడి చేసి పొలంలో చల్లితే అదే పని సంవత్సరాల్లో జరుగుతుంది. టన్ను పొడి పూర్తిగా కరిగితే గరిష్ఠంగా 300 కిలోల దాకా పట్టగలదు. కాల్షియం, మెగ్నీషియం పైరుకి అందుతాయి, పులిసిన నేల సర్దుకుంటుంది. 2025 ఏప్రిల్‌లో, కార్బన్ తీసే పద్ధతులకి పోటీ పెట్టిన ఎక్స్‌ప్రైజ్ వాళ్ల 5 కోట్ల డాలర్ల మొదటి బహుమతి మన దేశంలో చిన్న రైతుల పొలాల్లో బసాల్ట్ చల్లే మాటి కార్బన్‌కి వచ్చింది. నాకు నిజంగా సంతోషం కలిగింది.

ఏ రాయి, ఏ నేల అన్నది ఇక్కడ ప్రాణం. బెంగళూరు చుట్టుపక్కల క్రషర్లలో డస్ట్ ఉచితంగా ఇస్తామంటారు, కానీ అది గ్రానైట్, నైస్ (gneiss) అనే గట్టి రాయి. లాల్‌బాగ్ బండ ఏ రాయో ఇదీ అదే జాతి. 300 కోట్ల ఏళ్లుగా కరగకుండా కూర్చున్నది మన చేలో పదేళ్లలో కరగదు. బసాల్ట్ కావాలంటే బీదర్, కలబురగి, వికారాబాద్ వైపు పోవాలి, ఆంధ్రలో అయితే కొవ్వూరు దగ్గర గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీలు. లారీలో టన్ను సరుకుకి కిలోమీటరుకి సుమారు 100 గ్రాములు వదులుతాం. 500 కిలోమీటర్లు తెస్తే 50 కిలోలు, ఖాళీగా వెనక్కి పోయే దూరం అదనం, నూరడానికి కరెంటు ఇంకా అదనం. పొడి మహా అయితే పట్టే 300లో, అదీ చాలా ఏళ్ల మీద, ఎంత మిగులుతుందో చూసుకోండి. క్వారీకి వంద కిలోమీటర్లలోపు పొలాలైతేనే నాకు నమ్మకం.

నేల సంగతి. అనంతపురం, ఆదోని నేలలు చాలావరకు క్షారపు నేలలు, వాన ఏడాదికి 500, 600 మిల్లీమీటర్లు. అక్కడ రాయి కరగడం చాలా నెమ్మది. చిక్కమగళూరు, కొడగు కాఫీ తోటల్లో నేల పులుపు, వాన 2,000 మిల్లీమీటర్లు దాటుతుంది. అక్కడ తోటలవాళ్లు ఎలాగూ సున్నం చల్లుతారు, దాని బదులు బసాల్ట్ వేయొచ్చు. 

కొలవడం దగ్గర ఇది బయోచార్ కంటే చాలా కష్టం. బొగ్గుని తూకం వేయొచ్చు. కరిగిన రాయి కంటికి కనబడదు. చల్లకముందు, చల్లాక మట్టి నమూనాలు తీసి టైటానియం లాంటి కదలని మూలకంతో పోల్చి, కాల్షియం మెగ్నీషియం ఎంత కరిగిపోయాయో లెక్కిస్తారు. ఒకే చేలో పది అడుగుల తేడాతో అంకెలు మారిపోతాయి. పైగా యూరియా వేసిన నేలలో పుట్టే నైట్రిక్ ఆమ్లం కూడా రాయిని కరిగిస్తుంది, అలా కరిగితే కార్బన్ ఏమీ పట్టినట్టు కాదు. కొన్ని రాళ్లలో నికెల్, క్రోమియం ఎక్కువ, అవి ధాన్యంలోకి వస్తాయా అన్నది చూడకుండా చల్లడం రైతుకి అన్యాయం. ఇవన్నీ చూపించిన ప్రాజెక్టుకి టన్ను 300 డాలర్లు ఎక్కువేం కాదు.

సముద్రం గురించి మీరు అడగలేదు గానీ ఒక్కమాట. 2009లో గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ (ఎన్ఐఓ), జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి లోహాఫెక్స్ పేరుతో దక్షిణ మహాసముద్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుప లవణం కలిపారు. నాచు పెరిగి, చచ్చి, కార్బన్‌ని అడుక్కి తీసుకుపోతుందని ఆశ. నాచు పెరిగింది, చిన్న చిన్న జలచరాలు దాన్ని తినేశాయి, అడుక్కి దిగింది చాలా స్వల్పం. అడిగిన ప్రశ్నకి నిజాయితీగా వచ్చిన జవాబు అది. సముద్రపు క్రెడిట్లు మీలాంటి కొనుగోలుదారులకి ఇంకా తొందర.

ఇక మీరు అమ్మేవాళ్లని అడగాల్సినవి. ఈ టన్ను ఇప్పటికే తీసేశారా, తీస్తామని మాట ఇస్తున్నారా? తీసేసినదానికే పూర్తి డబ్బు ఇవ్వండి. క్రెడిట్ల లెక్క రాసే రిజిస్ట్రీ ఏది? ప్యూరో, ఐసోమెట్రిక్, వెర్రా లాంటివాటిలో సీరియల్ నంబరు ఉంటుంది, మీ కంపెనీ పేరున రిటైర్ (వాడేసినట్టు రద్దు) చేయించండి, లేకపోతే అదే టన్ను ఇంకొకరికి పోయే ప్రమాదం ఉంది. ల్యాబ్ రిపోర్టు ఏ బ్యాచ్‌దో, మీరు కొంటున్న బ్యాచ్‌దేనా అని చూడండి. రైతుకి ఎంత వాటా ముడుతుందో అడగండి, దీనికి నీళ్లు నమిలేవాళ్ల దగ్గర మిగతా లెక్కలూ అలాగే ఉంటాయని నా అనుభవం. వీలైతే ఒకసారి సైటుకి వెళ్లండి, బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఆదోని ప్రాంతంలో ఉంటారు.

కొనేముందు మీ ఫెసిలిటీస్ వాళ్లని ఏసీ గ్యాస్ రీఫిల్ బిల్లులు అడగండి. ఆర్-410ఏ గ్యాస్ కిలో లీకైతే 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. ఏడాదికి 50 కిలోలు నింపుతున్నారంటే 50 కిలోలు ఎక్కడో కారిపోతున్నాయి, అంటే 100 టన్నులు. ఆ కీళ్లు బిగించడానికయ్యే ఖర్చు 100 టన్నుల బయోచార్ ముందు ఏపాటిది? మీరు కొనాల్సిన టన్నుల్లో పెద్ద భాగం అక్కడే తగ్గిపోవచ్చు.

చివరికి నాన్నగారి చేను. ఎకరానికి పత్తి కట్టె టన్ను అటూ ఇటూ వస్తుంది. నాలుగైదు టన్నుల ఎండు కట్టెకి టన్ను బొగ్గు. అంటే నాలుగైదు ఎకరాలకి రెండు క్రెడిట్లు. రిజిస్ట్రీ రుసుము, ల్యాబ్, తనిఖీ ఖర్చులు ఒక్క రైతు భరించలేడు, కొన్ని వందల మంది కలిసిన ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘం) ద్వారా అయితేనే గిట్టుతుంది. ఆ చుట్టుపక్కల అలాంటిది ఉంటే చేరమనండి, కూలి ఖర్చు పోను కొంత మిగులుతుంది, పెద్దగా ఆశ పెట్టుకోవద్దనండి.

క్రెడిట్ల సంగతి పక్కనపెట్టి సొంతానికి చేసుకోవాలన్నా ముందు మట్టి పరీక్ష చేయించండి. నల్లరేగడి అయి పీహెచ్ 8 దాటితే బయోచార్ ఎక్కువ వేయకండి, బయోచార్ తనే క్షారం, పీహెచ్ 9, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది, జింకు, ఇనుము పైరుకి అందకుండా చేస్తుంది. ఎర్రనేల చెలక ఉంటే అక్కడ వేయండి, ఎరువులో కలిపి రెండు వారాలు నానబెట్టి, మొదటి ఏడాది పావు ఎకరానికి మాత్రమే. పక్కనే వేయని పావు ఎకరం వదిలి, రెంటి దిగుబడీ విడిగా తూకం వేయమనండి. మట్టి పరీక్ష కాగితం వచ్చాక అంకెలు ఇక్కడ పెడితే ఎంత వేయాలో చూసి చెప్తాను.